పైన కుర్చీలు, కింద సుత్తులు

వెనక హాలు,
సోమవారం సాయంత్రం.

వదినా,

నువ్వు ఊరెళ్ళి నిండా రెండు వారాలు కాలేదు, అప్పుడే ఉత్తరమేంటని ఆశ్చర్యపోకు. ఫోన్లో మనిద్దరం మూడో మాటకల్లా గొంతు పెంచుతున్నామని, ఇక మీదట ఏదున్నా కాగితం మీద తేల్చుకోమని అన్నయ్య తీర్పు చెప్పేశాడు. ఉత్తరంలో అయితే ఒకళ్ళు మాట్లాడుతుంటే రెండోవాళ్ళు మధ్యలో దూరడానికి వీల్లేదు కదా. నీకది కొంచెం కష్టమే అనుకో.

ముందు మంచి కబురు. హాల్లో దిగిపోయాం. పాత షెడ్డు కూల్చేస్తున్నారని తెలిసిన రోజు మావాళ్ళ మొహాలు నువ్వు చూడలేదు. డ్రిల్లు ఒకరింటికి, రంపం ఇంకొకరింటికి, టంకం వేసే సామాను మరొకరింటికి అని పంచుకోవడం కూడా మొదలుపెట్టేశారు. సామాను పంచుకున్నాక ఇక మనుషులు కలవరు వదినా. నీ కోవర్కింగ్ భవనం వెనక ఖాళీగా పడున్న ఈ హాలు నువ్వివ్వకపోతే మా కథ అక్కడితో సరి. ఇది కూడా పోతే ఇంకో చోటు వెతుక్కునే ఓపిక మాలో ఎవరికీ లేదు. ఈ మాట ఒక్కసారే రాస్తాను, మళ్ళీ రాయను. రాస్తుంటే ఏడుపొస్తోంది.

గుమ్మం మీద 'హ్యాకర్‌స్పేస్' అని బోర్డు పెట్టగానే నీ మేనేజరమ్మాయి హడలిపోయింది. "మీవాళ్ళంతా బ్యాంకు అకౌంట్లలో దూరేవాళ్ళా మేడమ్?" అంది. "కాదమ్మా, రేడియోల్లో దూరేవాళ్ళం" అన్నాను. వస్తువు కనిపిస్తే విప్పి చూడాలని చేతులు దురద పెట్టేవాళ్ళంతా కలిసి ఒక గది చూసుకుని, పనిముట్లన్నీ ఒకచోట పోగేసుకుంటే అదే మా హ్యాకర్‌స్పేస్. దీనికి యజమాని లేడు. నియమాలు మాత్రం రెండున్నాయి. చెడిపోయింది ఎవరి కంట పడితే వాళ్ళే బాగుచేయాలి, ఎవర్నీ అడగక్కర్లేదు. మధ్య టేబుల్ మీద పేరు చీటీ లేని వస్తువేదైనా ఉంటే అది అందరిదీ, ఎవరైనా విప్పుకోవచ్చు.

పై అంతస్తులో కిటికీ పక్కన కూర్చునే నీ ఆడిటర్ గారు అప్పుడే దండయాత్రకి వచ్చారు. "ఇది ఆఫీసా, ఇనప్సామాన్ల కొట్టా?" అని గుమ్మంలో నిలబడి అడిగారు. "పైన ఆఫీసండీ, కింద కొట్టు" అన్నాడు మా వడ్రంగి. ఆయన మొహం జేవురించింది. నువ్వు ఫోన్ చేసి ఆయన్ని కాస్త చల్లబరచాలి.

మీ అక్కయ్యకి ఆపరేషన్ ఎప్పుడో రాయి. ఆవిడ్ని అడిగానని చెప్పు.

నీ ఆడబిడ్డ


అక్క ఇల్లు,
శుక్రవారం.

లిఫ్టుల డాక్టరు గారికి వదిన దీవెనలు.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. మీ అన్నయ్య ఎలాగూ పావు మొగుడే కాబట్టి ఆ మిగతా లోటు కూడా నువ్వే భర్తీ చేస్తున్నావు. పగలంతా ఊళ్ళో లిఫ్టులు బాగుచేసి, సాయంత్రం మళ్ళీ ఇంకో ఇనుము ముందు కూర్చోవడం నీకే చెల్లింది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళ స్కూటరు విప్పి కూర్చున్న పిల్లవి, నిన్ను ఇప్పుడు మార్చడం నా తరమా!

అక్కకి తుంటి ఆపరేషన్ అయింది. వాకరు పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. నేనిక్కడ ఇంకా రెండు మూడు నెలలు ఉండాలి. నాకు వేరే పనులు కూడా కొన్ని ఉన్నాయి.

ఆడిటర్ గారికి ఫోన్ చేశాను. పదిసార్లు క్షమాపణ చెప్పాను. నువ్వు ఒక్క విషయం గుర్తుపెట్టుకో. నీ హాలుకి జనం చేతులు మురికి చేసుకోవడానికి వస్తారు. నా మేడ మీదికి చేతులకి ఏ మురికీ అంటకూడదని వస్తారు. ఇంట్లో పిల్లల గోల, సొంతంగా ఆఫీసు పెట్టుకునే స్తోమత లేదు. అలాంటివాళ్ళకి నేనొక టేబుల్, ఒక కుర్చీ, ఇంటర్నెట్, కాఫీ, వీటన్నిటితో పాటు కాస్త నిశ్శబ్దం అద్దెకిస్తాను. మీవాళ్ళు మీకు స్నేహితులు. నావాళ్ళు నాకు కస్టమర్లు. స్నేహితుడు అలిగితే రెండ్రోజుల్లో తిరిగొస్తాడు. కస్టమరు అలిగితే ఎదురు వీధిలో ఇంకో కోవర్కింగ్ చూసుకుంటాడు. అందుకని డ్రిల్లింగులూ కోతలూ సాయంత్రం పెట్టుకోండి, తల్లీ.

రెండు పనులు చేసిపెట్టు. పైన పెట్టడానికి కొత్త కాఫీ మెషిను ఆర్డరిచ్చాను. మంచిది. వచ్చినప్పుడు జాగ్రత్తగా దింపించు. ఇంకోటి, మీ హాలు ఫోటోలు కొన్ని పంపు. జనం నిండుగా ఉన్నప్పుడు తీసినవి అయితే బాగుంటుంది. రోజుకి ఎంతమంది వస్తున్నారో, ఎలాంటివాళ్ళు వస్తున్నారో కూడా రాయి.

మీ వదిన


వెనక హాలు,
ఆదివారం.

వదినా,

ఫోటోలు పంపుతున్నాను. మొదటి దాంట్లో స్టూలు మీద నిలబడ్డది మా నర్సు. మంచం దిగలేని రోగులు పడుకునే భోంచేసేందుకు వీలుగా ఒక పలక చేస్తోంది. ఆసుపత్రిలో కొన్నవి ఒకవైపు ఒరిగిపోతున్నాయట. రెండో దాంట్లో వెనక్కి తిరిగి ఉన్నది ఎవరో చెప్పుకో. నీ ఆడిటరే! మళ్ళీ పోట్లాటకి వచ్చారు. అప్పుడు మా వడ్రంగి ఒక సొరుగు నున్నబడాలని దానికి ఉప్పుకాగితం పడుతున్నాడు. "అలా అడ్డంగా రుద్దితే గీతలు పడవూ?" అన్నారు. "అయితే మీరు రుద్దండి" అని కాగితం చేతిలో పెట్టాడు. చీకటి పడేదాకా రుద్దుతూనే ఉన్నారు. వెళ్తూ వెళ్తూ శబ్దం గురించి మళ్ళీ తిట్టి మరీ వెళ్ళారు, అది వేరే సంగతి.

వర్షాలు బాగా పడుతున్నాయి. అన్నయ్యకి జలుబు. మీ మేడ లిఫ్టు బాగానే నడుస్తోంది.

సరే, ఎంతసేపని నాన్చను. కాఫీ మెషిను వచ్చింది.

నువ్వు కూర్చుని చదువుతున్నావా? కూర్చో. దింపేవాళ్ళు వచ్చినప్పుడు ముందు తలుపు మూసి ఉందట. వెనకకి తెచ్చి మధ్య టేబుల్ మీద పెట్టి, అట్టపెట్టె కూడా వాళ్ళే తీసుకుని వెళ్ళిపోయారు. నేను డ్యూటీలో ఉన్నాను. మావాళ్ళు వచ్చి చూశారు. పేరు చీటీ లేదు. పాడైపోయిన వస్తువులు తెచ్చి అక్కడ వదిలేసి వెళ్ళడం ఊళ్ళో చాలామందికి అలవాటే. స్విచ్ వేశారు, వెలగలేదు. నీళ్ళు పోయకపోతే ఆ మెషిను అసలు వెలగదని అప్పటికెవరికీ తెలియదు. "పాపం, పోయింది" అనుకున్నారు. నేనొచ్చేసరికి దాన్ని నూట ముప్ఫై ముక్కలు చేసి, తెల్ల గుడ్డ మీద వరసగా పేర్చి, చుట్టూ నిలబడి ఆనందిస్తున్నారు.

ఇంత తళతళలాడేదాన్ని ఎవరు పారేస్తారని ఒక్కరికీ అనిపించలేదా అని అడుగుతావు. అనిపించిందట. అందుకే ఇంకా ఉత్సాహంగా విప్పారట!

మళ్ళీ బిగించాం వదినా. పనిచేస్తోంది. ఒక స్క్రూ మిగిలింది. కాఫీ దిగేటప్పుడు చిన్నగా ఈల వేస్తోంది. రుచి మాత్రం పాతదానికంటే బాగుందని ఆడిటర్ గారే అన్నారు. వారంటీ మాత్రం పోయినట్టే. తిట్టు. ఎంత తిట్టినా పడతాను.

నీ ఆడబిడ్డ


అక్క ఇల్లు,
బుధవారం.

చిట్టి మరదలికి,

ఉత్తరం చేరింది. మెషిను పనిచేస్తోంది కదా, ఇంకేం! వస్తువులన్నాక ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి. దాని గురించి నువ్వు బెంగ పెట్టుకోకు.

ఫోటోలు చాలా బాగున్నాయి. ముఖ్యంగా నర్సుది. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. హాలు గురించి నాకు కొన్ని ఆలోచనలొచ్చాయి. మేనేజరమ్మాయికి కూడా రాశాను. టేబుళ్ళకి బుకింగ్ పెడదాం, ఎవరు ఏ గంటకి వస్తారో ముందే తెలుస్తుంది. అందరికీ ఒకే రంగు ఏప్రన్లు పంపుతున్నాను, నీలంవి. గోడకి తెల్లరంగు వేయిస్తే ఆ పనిముట్లు ఇంకా అందంగా కనిపిస్తాయి. మధ్య టేబుల్ మీది తుక్కంతా ఎక్కడైనా లోపల సర్దేయండి. నీకు ఇబ్బంది లేకపోతేనే సుమా.

అక్క బాగానే ఉంది.

మీ వదిన


వెనక హాలు,
మంగళవారం.

వదినా,

నువ్వు నన్ను తిట్టలేదు. అప్పటినుంచి నాకు భయంగా ఉంది.

మన ఇంట్లో ఉప్పు డబ్బా మీద చక్కెర మూత పెట్టినందుకు వారం రోజులు సాధించినదానివి. కొత్త మెషిను ముక్కలు చేస్తే "బెంగ పెట్టుకోకు" అంటావా? పైగా "నీకు ఇబ్బంది లేకపోతేనే సుమా"! ఈ మాట నీ నోట నేను పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ వినలేదు. అక్కడ నీకేమైనా జరుగుతోందా, లేక ఇక్కడ మాకేమైనా జరగబోతోందా?

బుకింగ్ పెట్టాం. ఫలితం విను. మా నర్సుకి డ్యూటీ ఎప్పుడు పడుతుందో ఆవిడకే తెలియదు, ముందుగా ఎలా చెప్తుంది? రెండుసార్లు వచ్చి, తన గంట కాదని తెలుసుకుని వెళ్ళిపోయింది. బుక్ చేసుకున్న కుర్రాళ్ళు రాలేదు. టేబుల్ మీద 'రిజర్వుడు' పలక ఒక్కటే కూర్చుంది, దాని చుట్టూ మేం నిలబడ్డాం. మామూలుగా అయితే పక్కవాడు ఏం చేస్తున్నాడో చూసి చెయ్యి కలుపుతాం. ఇప్పుడు "నా టైము నడుస్తోంది, తర్వాత మాట్లాడదాం" అంటున్నారు. నీ మేడ మీద పద్ధతి కిందికి దిగింది, అంతే. అక్కడ అది బాగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఎవరి పని వాళ్ళది. ఇక్కడ ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టడానికే వస్తాం.

ఏప్రన్లు వచ్చాయి. వడ్రంగి తొడుక్కుని అద్దంలో చూసుకుని, "నేను కాఫీ అందించేవాడిలా ఉన్నాను" అని విప్పి పారేశాడు. మొన్న హాల్లో దీపం వేసేసరికి నేనొక్కదాన్నే ఉన్నాను.

పొమ్మనలేక పొగపెడుతున్నావా? హాలు కావాలంటే నాకు మొహం మీదే చెప్పు, పడతాను. ఇలా మెత్తగా రాస్తే మాత్రం తట్టుకోలేను.

నీ ఆడబిడ్డ


వెనక హాలు,
శనివారం.

వదిన గారికి,

మీరు పంపిన కంపెనీవారు ఇద్దరు ఈ రోజు వచ్చారు. వస్తున్నట్టు మేనేజరమ్మాయికి తెలుసు, నాకు తెలియదు. వాళ్ళ వెంట కెమెరా ఉంది. "మేం లేనట్టే అనుకుని, మీరు మామూలుగా ఎలా ఉంటారో అలాగే ఉండండి" అన్నారు. మామూలుగా ఉన్నామో లేదో చూడటానికి మమ్మల్ని ఏప్రన్లు కట్టుకోమన్నారు. నర్సుని స్టూలు ఎక్కి దిగమన్నారు, మళ్ళీ ఎక్కమన్నారు.

తర్వాత వారిలో పెద్దాయన నాకు శుభాకాంక్షలు చెప్పారు. మీ కోవర్కింగ్‌ను మొత్తంగా వాళ్ళు తీసుకుంటున్నారట. ఇలాంటివి వాళ్ళకి చాలా ఊళ్ళలో ఉన్నాయట, ఎందులోనూ ఇలాంటి వర్క్‌షాప్ లేదట. అదే వాళ్ళకి నచ్చిందట. హాలుకి గాజు తలుపు, కార్డు, టికెట్టు పెడతారట. నాకు జీతమిచ్చి దానికి ఇన్‌ఛార్జిని చేస్తారట. మీతో అంతా మాట్లాడేశామన్నారు.

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం విన్నాను. మీరు ఏకంగా మమ్మల్నే బుట్టలో పెట్టారు. ఫోటోలు అడిగితే ముచ్చటపడి అడుగుతున్నారని నేను మురిసిపోయి పంపాను. నాకు ఉద్యోగం ఉంది, ఇంకోటి అక్కర్లేదు.

మీ అక్కయ్య గారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను.

ఇట్లు,
మీ ఆడపడుచు


అక్క ఇల్లు,
సోమవారం.

అమ్మాయీ,

"మీరు" అని రాశావు. చదివి అక్కకి చూపించాను. "కోపంలో కూడా చేతిరాత బాగుంది పిల్లది" అంది. నాకు నవ్వు రాలేదు.

వాళ్ళు చెప్పింది నిజమే. నేనిక్కడికి వచ్చింది సగం అక్క కోసం, సగం ఆ కంపెనీ కోసం. వాళ్ళ పెద్దాఫీసు ఈ ఊళ్ళోనే ఉంది. నెలాఖరుకి అవుననో కాదనో చెప్పాలి. నీకు ముందే చెప్పి ఉంటే నువ్వు వద్దనేదానివి, నువ్వు వద్దంటే నేను ఆగిపోయేదాన్ని. అందుకే చెప్పలేదు.

ఎందుకు అమ్మాలనుకున్నానో విను. అక్కని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళారు. నేను నడవాలో నిలబడి ఉన్నాను. ఫోన్ మోగింది. మన పై అంతస్తు నుంచి. చేతులు కడుక్కునే దగ్గర సబ్బు అయిపోయిందట. "మేడమ్, కాస్త చూడండి" అన్నారు. నేనెక్కడున్నానో అడగలేదు. నేను చెప్పలేదు. మేనేజరమ్మాయికి ఫోన్ చేసి, సబ్బు పెట్టించి, మళ్ళీ ఆయనకి ఫోన్ చేసి, "పెట్టించాను సార్, ఇబ్బందికి క్షమించండి" అని, అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చాను. ఏళ్ళ తరబడి ఇదే బతుకు. పైన బల్బు పోతే కుర్చీలోంచి ఒక్కరూ లేవరు, నాకు ఫోన్ చేస్తారు. కిటికీ గడియ పడకపోతే నాకు ఫోన్ చేస్తారు. వాళ్ళది తప్పు కాదు, డబ్బు కట్టేది అందుకే. కానీ అంతమందిలో నా పేరు తెలిసినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా? అందరికీ మేడమ్‌నే.

నువ్వు పంపిన ఫోటోల్లో ఒకదాంట్లో వెనకాల ఎవరో చీపురు పట్టుకుని ఊడుస్తున్నారు. నువ్వు దాని గురించి ఒక్క మాట కూడా రాయలేదు. నీకది రాయాల్సిన విషయమే కాదు. నేను ఆ ఫోటోనే ఎక్కువసేపు చూశాను. అసూయ పుట్టింది, నీ మీదే, నా ఆడబిడ్డ మీద. ఒకే భవనంలో కింద పది చేతులు పనిచేస్తాయి, పైన నా చేతులు రెండే.

ఇంకో మాట. నాలుగు ఉత్తరాలు రాశావు. అక్కని అడిగావు, అన్నయ్య జలుబు సంగతి రాశావు. "నువ్వెలా ఉన్నావు వదినా" అని ఒక్కసారి కూడా అడగలేదు. హాలు పోతుందేమోనని నువ్వు భయపడ్డావు. నేనే పోయేలా ఉన్నానని నీకు తోచలేదు.

ఇక నీ ఇష్టం. కోపం ఉంటే ఉంచుకో.

మీ వదిన


వెనక హాలు,
గురువారం.

వదినా,

ఎలా ఉన్నావు?

ఇది రాయడానికి పది రోజులు పట్టింది. నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు కోపమొచ్చింది. రెండోసారి సబ్బు దగ్గర ఆగిపోయాను. ఆ రోజు నేను హాల్లోనే ఉన్నాను. రెండు మెట్ల వరసలు ఎక్కితే పై అంతస్తు. మా అలమరలో సబ్బు పెట్టెడుంది. చెడిపోయింది ఎవరి కంట పడితే వాళ్ళే బాగుచేయాలని గొప్పలు పోతాం, మా కన్ను మాత్రం మెట్ల దగ్గరే ఆగిపోయింది.

మావాళ్ళందరినీ కూర్చోబెట్టి ఉత్తరంలో ఆ ముక్క చదివి వినిపించాను. నిన్ను అడక్కుండా చదివాను, తిట్టుకో. వడ్రంగి కొంచెం ఎగిరాడు. "డబ్బు కట్టి కూర్చునేవాళ్ళ నేల మనమెందుకు ఊడవాలి?" అన్నాడు. "వాళ్ళు కట్టే అద్దెల నీడలోనే మన హాలు నిలబడింది, మనకి కరెంటు బిల్లు ఎప్పుడైనా వచ్చిందా?" అన్నాను. సరే, ఊడవడం కాదు, ఇంకేదైనా చేద్దామన్నారు.

చేశాం. పై అంతస్తుల్లో ప్రతి గోడకీ నీ ఫోన్ నంబరు అంటించి ఉంది కదా, 'ఏ ఇబ్బంది వచ్చినా ఫోన్ చేయండి' అని. అవన్నీ పీకేశాం. నంబరు ఉన్న ప్రతిచోటా ఒక చిన్న పనిముట్ల పెట్టె తగిలించాం. స్టోరు గదిలో బల్బులు, సబ్బులు, కాగితాలు అందరికీ అందేలా పెట్టి తాళం తీసేశాం. ఏది చేతకాకపోయినా కింద హాలుకి రండి, చూపిస్తామని రాశాం. నిన్ను అడగలేదు. అడిగితే వద్దనేదానివి.

అందరూ చప్పట్లు కొట్టారనుకోకు. వెబ్‌సైట్లు చేసే ఇద్దరు, "డబ్బూ కట్టి పనీ చేయాలా?" అని ఖాళీ చేసి వెళ్ళిపోయారు. వాళ్ళ మాటా న్యాయమే, నేను వాదించలేదు. మేనేజరమ్మాయి తన ఉద్యోగం పోతుందని ఏడ్చింది. పోదని ఒట్టేశాను, ఆ ఒట్టు నువ్వే నిలబెట్టాలి. మూడో రోజు ఆడిటర్ గారు చొక్కా చేతులు తడుపుకుని ఊగిపోతూ దిగారు.

"ఇదేం దౌర్జన్యమమ్మా! కుళాయి కారుతోంది, ఫోన్ చేద్దామంటే గోడ మీద నంబరు లేదు. నేను అద్దె కట్టేది పైపులు బిగించడానికా?"

"కాదు సార్. అద్దె కుర్చీకి కడుతున్నారు, మా వదిన ప్రాణానికి కాదు" అన్నాను. నోరు జారకూడదనుకున్నాను, కానీ అప్పటికే జారిపోయింది. నడవాలో ఫోన్ సంగతి చెప్పాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సబ్బు కోసం ఫోన్ చేసింది నేనేనమ్మా" అన్నారు. "ఆవిడ ఆసుపత్రిలో ఉన్నట్టు నాకు... అడగలేదు నేను." తర్వాత పానా అడిగి తీసుకుని పైకి వెళ్ళారు. దాన్ని వ్యతిరేక దిశలో తిప్పి కుళాయి మొత్తం ఊడబీకి, అందరినీ తడిపేశారనుకో. నర్సు వెళ్ళి పట్టుకుంది. కానీ మర్నాడు ఎవరూ చెప్పకుండానే మిగతా కుళాయిలన్నీ తిప్పి చూసుకుంటూ తిరిగారు. నీ పేరేమిటని నన్ను అడిగారు. చెప్పాను.

బుకింగ్ తీసేశాం. నర్సు మళ్ళీ వస్తోంది.

వదినా, అమ్మొద్దని నేను అనను. నువ్వు అలసిపోయావు, అమ్ముకోవాలనిపిస్తే అమ్ముకో. హాలు మేం ఖాళీ చేస్తాం. గాజు తలుపు పెట్టాక అది ఎలాగూ మాది కాదు. చెదిరిపోతామేమో, పోనీ. నువ్వు ఇలా నలిగిపోతుంటే మేం మాత్రం అక్కడ ఏం సుఖపడతాం? అయితే వాళ్ళకి జవాబిచ్చే ముందు ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళు. వస్తున్నట్టు ఎవరికీ చెప్పకు. నాకు కూడా.

నీ ఆడబిడ్డ


మేడ మీద, కిటికీ పక్క టేబుల్,
శనివారం మధ్యాహ్నం.

నా ఆడబిడ్డకి,

ఉత్తరం పైనుంచి కిందికి పంపడం ఇదే మొదటిసారి. కిందికి వచ్చి చూశాను, నువ్వు లేవు. కలప కొనడానికి అందరూ వెళ్ళారని తలుపు మీద సుద్దతో రాసి ఉంది. తలుపు మాత్రం బార్లా తీసి ఉంది, దొంగలెవరైనా వస్తే మర్యాద చేసి పంపేలా ఉన్నారు మీరు.

చెప్పకుండానే వచ్చాను. అక్క ఇప్పుడు కర్రతో నడుస్తోంది, తనే వెళ్ళమంది. అసలు నెల మధ్య నుంచీ నా ఫోన్ మోగడం మానేసింది. పాడయిందేమోనని పక్క గదిలోంచి అక్క చేత రెండుసార్లు ఫోన్ చేయించి చూశాను. బాగానే మోగింది. ఆ తర్వాత మధ్యాహ్నం పడుకుంటే సాయంత్రం వరకూ మెలకువ రాలేదు. అంతలా నిద్రపోయి ఎన్నేళ్ళయిందో.

పైకి వచ్చాను. రిసెప్షన్లో ఎవరూ లేరు. మేనేజరమ్మాయి లోపల ఎవరికో ప్రింటరు విప్పడం నేర్పిస్తోంది, నన్ను చూడలేదు. ఆడిటర్ గారు నిచ్చెన మీద బల్బు మారుస్తున్నారు, తీసేసిన స్క్రూలు పెదాల మధ్య పెట్టుకున్నారు. నన్ను చూసి దిగబోయారు. దిగొద్దని సైగ చేశాను. తలవంచి నమస్కారం పెట్టి మళ్ళీ పనిలో పడ్డారు. గోడలు కొంచెం మాసినట్టున్నాయి. రెండు టేబుళ్ళు ఖాళీ. ఒక మూల చెత్తబుట్ట నిండి ఉంది, దాని మీద ఇంకా ఎవరి కన్నూ పడలేదు. చెయ్యి లాగేస్తోంది, లేచి తీసేద్దామని. తీయలేదు. కూర్చున్నాను.

ఆ కంపెనీకి పొద్దున్నే కబురు పంపేశాను, అమ్మడం లేదని. పెద్దాయన చాలా నొచ్చుకున్నాడు. "కారణం ఏమిటి మేడమ్?" అన్నాడు. ఏం చెప్పను? నేను వదిలించుకోవాలనుకున్నది భవనాన్ని కాదు, ఆ ఫోన్‌ని. దాన్ని మీరు నాకు చెప్పకుండానే గోడ మీంచి పీకేశారు. ఇక అమ్మడానికి నా దగ్గరేముంది! అయితే మీరు ఇకమీదట హాలు కరెంటు బిల్లు కట్టుకోండి. నేను మంచిదాన్నే, మరీ అంత మంచిదాన్ని కాదు. మేనేజరమ్మాయి ఉద్యోగం ఎక్కడికీ పోదు.

అసలు సంగతి ఇది. నేనిలా కూర్చుని ఉంటే పక్క టేబుల్ అమ్మాయి లేచి వచ్చింది. కొత్తగా చేరినట్టుంది, నేనెవరో తెలియదు. పుస్తకాలకి బొమ్మలు వేస్తుందట. నా కోసం కాఫీ పట్టుకొచ్చింది. నేనడగలేదు. ఈ భవనంలో నాకు ఇంకొకరు కాఫీ తెచ్చివ్వడం నేనెరగను. కప్పు రెండు చేతులా అందుకున్నాను. ఆ పిల్ల ఎదుటి కుర్చీలో కూర్చుంది.

"కొత్తగా వచ్చారాండీ?" అంది.

"అవునమ్మా" అన్నాను.

"ఏం చేస్తుంటారు?"

కుర్చీలు అద్దెకిస్తాను అనొచ్చు. ఫోన్లు ఎత్తుతాను, క్షమాపణలు చెప్తాను అనొచ్చు. కానీ ఆ ఫోన్లూ క్షమాపణలూ ఇప్పుడు లేవు, కుర్చీలు నేను లేకపోయినా నడుస్తున్నాయి.

"ఇంకా ఏమీ మొదలుపెట్టలేదమ్మా" అన్నాను.

"అయితే కింద హాలుంది, వెళ్ళి చూడండి. ఏదో ఒకటి దొరుకుతుంది. ఎవర్నీ అడగక్కర్లేదు" అంది.

కాఫీ తాగేసి దిగుతున్నాను. తొందరగా వచ్చేయండి.

మీ వదిన